డెబ్బై కిలోల మనిషి

ఉరవకొండ దారిలోని మిషన్ ఆస్పత్రిలో ఎక్స్‌రే గది ఎవరిదంటే అందరూ డాక్టరు దొర పేరే చెప్పేవాళ్లు. నిజానికి ఆ గది ఆయా మారెక్కది. చేయి విరిగిన పిల్లలను, దగ్గుతో వచ్చిన పిల్లలను బల్లమీద కదలకుండా పట్టుకునేది ఆమె. తల్లి చేతిలో గింజుకునే పిల్లవాడు కూడా మారెక్క చేయి పడితే గమ్మునుండేవాడు. పదకొండేళ్లు అలా పరాయి బిడ్డలను పట్టింది. తన కడుపు మాత్రం పండలేదు.

కిరణాలు ఒంటికి తగలకుండా వేసుకోమని బరువైన సీసపు గౌను ఒకటి ఇచ్చారు. అది ఆరడుగుల దొర కొలతకు కుట్టింది. ఈమె కాళ్లకు అడ్డం పడుతుంటే మోయలేక మేకుకు తగిలించేసింది. రవికకు పెట్టుకోమని చిన్న బిళ్ల కూడా ఇచ్చారు. ఒంటిమీద ఎంత కిరణం పడిందో అందులోని ఫిల్ము చెబుతుందట. మారెక్క జాగ్రత్త గల మనిషి. ఆస్పత్రి వస్తువు చెమటకు పాడవుతుందని దాన్ని పెళ్లిచీరలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచి, నెలాఖరుకు తీసి ఇచ్చేది. బెంగళూరులో కడిగి చూస్తే ఫిల్ముమీద కిరణం పడిన మచ్చ ఉండేది కాదు. దొర మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు పొంగిపోయి, పిచ్చిది, ఇంకా భద్రంగా దాచింది!

పంతొమ్మిది వందల అరవై ఆరు కరువులో, ఊళ్లన్నీ గంజినీళ్లతో రోజులు ఈడుస్తున్నప్పుడు, మారెక్క నెల తప్పింది. మొగుడు ఆదెప్ప రెండు రోజులు నమ్మలేదు, మూడోరోజు కనబడినవాళ్లందరికీ చెప్పాడు. నాలుగో నెలలో నర్సు నాగలక్ష్మమ్మ ఆమెను పక్కకు పిలిచి, ఆ కిరణాలు కడుపులో బిడ్డకు మంచివి కావని చెప్పింది. మారెక్క బిళ్ల సంగతి అప్పుడు బయటపెట్టింది.

బెంగళూరు నుంచి కిరణాల కొలతల ఆఫీసరు రామాంజులు వచ్చాడు. ధర్మవరం మగ్గాల ఇంట పుట్టినవాడు, మెత్తని మనిషి. ఫిల్ము సాక్ష్యం పనికిరాదు కాబట్టి లెక్కకట్టి తేల్చాలన్నాడు. పుస్తకం తెరిచి ఒక మనిషి బొమ్మ చూపించాడు. మొండెం ఒక డబ్బా, తల ఇంకో డబ్బా, కాళ్లు రెండు గొట్టాలు, బరువు డెబ్బై కిలోలు. కిరణం ఎంత దూరంనుంచి ఎన్నిసార్లు పడిందో తెలిస్తే, ఆ డబ్బాల మనిషికి లోపల ఎక్కడెక్కడ ఎంత తగిలిందో లెక్క చెబుతుందట.

"నేను ముప్పై ఎనిమిది కిలోలే ఉండాను సారూ," అంది మారెక్క.

"అందరికీ ఈయన్నే పెట్టి లెక్కేస్తారు మారెక్కా. నా చేతిలో ఏముండాది?"

ఆమె పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని బొమ్మంతా వేలితో వెతికింది. "బిడ్డ యాడుంటాది ఇందులో?"

రామాంజులు తల దించుకున్నాడు. "మొగోడమ్మా. గర్భసంచి లేదు. ఉచ్చబుడ్డ ఉండే చోటే బిడ్డ ఉందనుకోని లెక్క వేస్తా."

"నువ్వు అనుకుంటే అయిపోతాదా? నా బిడ్డ బతుకుతాదా లేదా, అది చెప్పు."

"అది ఈ లెక్కకు తెలీదు మారెక్కా. నాకూ తెలీదు."

అంత చదువు చదివినవాడు ఆ మాట అనేసరికి మారెక్కకు ఇక ఎవర్ని అడగాలో తోచలేదు. లెక్క పూర్తిచేసి కాగితం పంపుతానని అతను బస్సెక్కాడు. ఆమె ఎక్స్‌రే గది గడప తొక్కడం మానేసింది. లోపల పిల్లలు ఏడుస్తుంటే చెవులు మూసుకునేది. ఆదెప్ప తన గంజి కూడా ఆమెకే పోశాడు. అంతకంటే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు.

ఆరో నెలలో నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఏడవనే లేదు. కరువు తినేసిందని కొందరు, ఆ గది తినేసిందని కొందరు అన్నారు. అనేవాళ్లదేం పోయింది?

తొమ్మిదో రోజున కాగితం వచ్చింది. పాలు ఆగేందుకు రొమ్ముకు గుడ్డ బిగించుకుని మారెక్క గోడకు ఆనుకుని కూర్చుంది. ఆదెప్ప కూడబలుక్కుని చదివాడు. డెబ్బై కిలోల మనిషి లెక్కన హద్దు దాటలేదు, ప్రమాదమేమీ లేదు.

మారెక్క కాగితం అందుకుని మడత పెట్టింది.

"పోనీలే, ఆ బొమ్మలో ఆయప్పన్నా బాగుండనీ," అంది.