కొమ్ముతోగు డాట్ ఇన్

ముత్తక్కకు కోపం ఎక్కువని కొమ్ముతోగులో అందరూ అంటారు. నిజమే, ఎక్కువే. కానీ కారణం లేకుండా ఆమె ఎన్నడూ నోరు చేసుకోలేదు.

భద్రాచలం రోడ్డు పక్కన ఉన్న ఆ అడవి ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. తేనెపట్టు ముందు చూసినవాళ్లు ఆ చెట్టుకు గడ్డిపోచలతో ముడి వేస్తారు. ఇక దాన్ని ఇంకొకరు ముట్టరు. అయితే ముడి వేసినవాడు చెట్టెక్కి తేనె తీయాలి. తీయకుండా కూర్చుంటే ఊరంతా చూస్తుండగా ముడి విప్పేస్తారు. చెట్టు ఊరిది మరి.

పోయిన ఏడాది ఊరి ఆడవాళ్లు తేనె వడగట్టి సీసాల్లో అమ్మడం మొదలుపెట్టారు. ముత్తక్క కోడలు దుర్గ ఊరి పేరుతో ఇంటర్నెట్‌లో సైటు పెట్టబోతే, ఆ పేరు అప్పటికే పోయింది. ఏళ్లుగా వాళ్ల దగ్గరే తేనె కొంటున్న ఖమ్మం వ్యాపారి ఉదయ్ భాస్కర్ దాన్ని తన పేర రాయించుకున్నాడు.

"పేరు చివర ఇన్ అంటే మన దేశం గుర్తు అత్తా. ముందు ఎవరు అడిగితే వాళ్లకే ఇస్తరు," అంది దుర్గ.

"దేశం గుర్తేసి ఇచ్చేటోళ్లు ఊరోళ్లను ఒక్క మాట అడగొద్దా? మనం దేశంల లేమా ఏంది?"

"అడగరు. కావాలంటే మనమే కేసు పెట్టి, పేరు మనదని రుజువు చెయ్యాలె."

"మన ఊరు మనదని రుజువు చెయ్యాల్నా!"

ఫోన్ చేస్తే ఉదయ్ భాస్కర్ నవ్వాడు. "నేనేం దొంగతనం చేయలేదక్కా. ముందు నేను రిజిస్టర్ చేసుకున్నా. రూలు అంతే." చెట్టెక్కి కుట్టించుకునేది వీళ్లు, రూలు మాత్రం ఆయనది! ఎంత సిగ్గులేనితనం!

వేసవిలో భద్రాచలం పోయే కారొకటి ముత్తక్క సీసాల ముందు ఆగింది. ఒకావిడ దిగి, తేనె నాకి చూసి, బాగుందని సీసా చేతిలోకి తీసుకుంది. తర్వాత ఫోన్ చూసి మళ్లీ కింద పెట్టేసింది.

"అసలైన కొమ్ముతోగు తేనె ఈ సైటులోనే దొరుకుతుందట. బయట అమ్మేవన్నీ నకిలీ అని రాశారు."

ఫోన్‌లో తేనెపట్టు పిండుతున్న ముత్తక్క ఫోటో ఉంది. తేనె కొనడానికి వచ్చినప్పుడు ఉదయ్ భాస్కర్ తీసుకున్నదే.

"గా ఫోటోల ఉన్నదెవరు? నా మొహం చూసి చెప్పు!"

ఆవిడ ఫోన్ చూసింది, ముత్తక్కను చూసింది. ఫోన్‌నే నమ్మి కారెక్కింది.

ముత్తక్కకు ఒళ్లు మండిపోయింది. సొంత ఊళ్లో కూర్చుని దొంగనయ్యానా అనుకుంది. లేచి గుప్పెడు గడ్డి పీకి, రోడ్డు మీద ఊరి పేరున్న బోర్డు దగ్గరికి పోయి, దాని కాలికి చుట్టి గట్టిగా ముడి వేసింది.

"గడ్డి ముడికి సైటు వస్తదా అత్తా?" అంది దుర్గ.

"రాదని నాకెర్కలేదా? ఊరోళ్లు చూస్తే చాలు."

ఊరంతా చూసింది. ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. వారం తిరక్కుండా ఉదయ్ భాస్కర్ ఖాళీ డబ్బాలతో బండి వేసుకుని వచ్చాడు. ఏ ఇంటి ముందు ఆగినా తేనె లేదన్నారు. చివరికి ముత్తక్క గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఆర్డర్లున్నాయక్కా, ఇట్లా చేస్తే ఎట్లా?"

"అసలైన తేనె నీ సైటుల ఉందట గదా," అంది ముత్తక్క. "పోయి గాడ పిండుకో."