నీళ్లు తాపండి

పొద్దున ఏడు గంటలకు మా అమ్మ చేదిన చెక్క బొక్కెన బావి ఒడ్డుకు వచ్చేసరికి ఖాళీ అయింది. ఆ ఏడాది ఎమ్మిగనూరులో వానల్లేవు. బావి అడుగంటింది. తడి లేక, రోజూ ఎండలో ఉండి, బొక్కెన పలకల మధ్య సందులు పడ్డాయి.

దాన్ని చేసిన ముసలి వడ్రంగి దగ్గరికి వెళ్లాం. బాడిశ, తోపడ లాంటి పనిముట్లన్నీ ఆయన చేతులతో చేసుకున్నవే. మేకు, బంక లేకుండా పలకలు చుట్టూ నిలబెట్టి ఇనుప కట్లు బిగించేవాడు. కారుతోందని ఎవరొచ్చినా ఒకటే మాట: “నీళ్లు తాపండి, కట్టె ఉబ్బి అదే బిగుసుకుంటాది.”

ఆ రోజూ కట్లు కిందికి దిగ్గొట్టి బిగించి ఆ మాటే అన్నాడు.

“యాడుండాయప్పా నీళ్లు? అందరూ రేకుది కొనుక్కోమంటాండారు,” అంది అమ్మ.

“రేకుకు దప్పికుండదులే,” అని, తాగడానికి పెట్టుకున్న చెంబెడు నీళ్లూ బొక్కెనలో పోశాడు.

“మనకే లేకుంటే కట్టెకు పోస్తాండావా?” అంది లోపలి నుంచి ఆయన భార్య.

నీళ్లన్నీ సందుల్లోంచి కారి మట్టిలో ఇంకాయి. ఆయన తడిచేత్తో పలకలు నిమురుతూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ రేకు బక్కెట తెచ్చింది. మళ్లీ వానలు పడేదాకా ఆ ముసలాయన బతకలేదు. మా వీధిలో ఇప్పుడెవరూ బొక్కెనకు నీళ్లు తాపరు.