చుట్ట కాలేదాకా

మా మేనమామ తెరచాప పడవను ఎప్పుడూ ఒకేలా ఒడ్డుకు తెచ్చేవాడు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర దారి ఇరుకు, గాలి తిరుగుడు. వేట ముగించిన ఇంజను బోట్లన్నీ ఒక్కసారే అందులోకి తోసుకొస్తాయి. అక్కడ పడవలు తిరగబడటం మా ఊరికి కొత్త కాదు. మామ మాత్రం బయటే తెరచాప దించి, చుట్ట ముట్టించి, అది కాలేదాకా అలలనూ బోట్లనూ చూస్తూ కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం చేపలు మెత్తబడిపోతున్నాయని నాకు తొందర పుట్టింది.

"ఏటి మావా, ముసిలోడివైపోనావేటి? బయమేస్తన్నాదా?" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. సగం కాలిన చుట్ట నీళ్లలో పడేసి తెరచాప ఎత్తాడు. విరుగుతున్న అలల మీద, రెండు బోట్ల నడుమ ఒరుసుకుంటూ పడవ మొగ దాటింది. ఒడ్డున ఉన్నవాళ్లు ఈలలు వేశారు.

"సూసినావేట్రా?" అన్నాడు. ఆ నవ్వు ఆయనలో నేనెన్నడూ చూడనిది.

ఆనాటినుంచి మామ మొగ ముందు ఆగడం మానేశాడు. నేను ఆ పడవ ఎక్కడం మానేశాను. తప్పు నాదని ఆయనతో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. గాలి లేచిన రోజున ఒడ్డున నిలబడి, ఆగమని తువ్వాలు ఊపుతాను. మెచ్చుకుంటున్నాననుకుని, మామ చుక్కాని వదిలి చెయ్యి ఊపుతాడు.