ఎడమ నుంచి పదకొండో వరస

మొన్న కడపలో మా బావ సమాధికి రాయి పెట్టించడానికి పోయినప్పుడు, ఖబరస్తాన్ చూసుకునే పెద్దాయన "ఎన్నో వరసప్పా?" అని అడిగాడు. పదకొండు అనబోయి ఆగాను. "మీరు ఏ పక్క నుంచి లెక్కపెడతారు?" అని ఎదురడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. కువైట్‌లో ఒకసారి ఆ ప్రశ్న అడగడం మరిచిపోయానని ఆయనకేం తెలుసు!

డెబ్బైల చివర్లో బావ, అంటే మా అక్క భర్త, కువైట్‌లోని సల్వాలో ఒక ఇంటికి డ్రైవరు. నేను సబ్హాన్‌లో ఒక గోడౌన్ చూసుకునేవాణ్ణి. చదివింది ఐదో తరగతి. లెక్కలు నాకు పెట్టెలే నేర్పాయి: అడుగున ఎన్ని, ఎత్తున ఎన్ని, గుణిస్తే మొత్తం. అది ముదిరి మసీదు ముందు చెప్పుల జతలు, దారిలో దీపస్తంభాలు, చివరికి బావ టీలో వేసుకునే చక్కెర చెంచాలు కూడా లెక్కపెట్టేవాణ్ణి. అవి నాలుగు. "నీ లెక్క తప్పిననాడు ఈ సముద్రం ఎండిపోతాది లే అబ్బీ" అని బావ ఎగతాళి చేసేవాడు. ఆయనకెప్పుడూ తొందరే, ఆ నాలుగు చెంచాలూ కరగకముందే గ్లాసు ఖాళీ అయ్యేది.

బావ వాళ్ల నాయన రాయచోటి పక్క గుళ్లలో సన్నాయి వాయించిన మనిషి. బావ కూడా కొన్నాళ్లు నేర్చుకుని, సన్నాయిని గోడకు తగిలించి విమానం ఎక్కాడు. అక్కడ యజమానుల కారు క్యాసెట్లలో ఒకాయన ఊద్ అనే తంతివాద్యం మీటుతూ, ముత్యాల వేటకు పోయే పడవల పాటలు పాడేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయినా, పేరు తెలియనివాళ్లు కువైట్‌లో ఉండేవాళ్లు కాదు. మాటలు బావకు అర్థమయ్యేవి కావు. "ఈయన రాగం లాగతాంటే మా నాయన సన్నాయికి దమ్ము పట్టినట్టే ఉంటాది" అనేవాడు.

ఒక వేసవిలో ఊరినుంచి ఉత్తరం వచ్చింది. బావ వాళ్ల నాయన పోయి అప్పటికే పద్దెనిమిది రోజులు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరుంది. తమ ఇంట్లో పెళ్లి అయ్యేదాకా పంపడం కుదరదన్నాడు. బావ ఏడవలేదు. నా గదికి వచ్చి, టీ ముట్టకుండా కూర్చున్నాడు.

"నాయనకు పిడికెడు మట్టి వేయలేకపోతి. ఆ ఊదాయన గోరీ పాత ఊర్లో ఉందంట. ఆయన కాడికన్నా పోయి రెండు చుక్కలు నీళ్లు పోసొద్దాం పా."

శుక్రవారం నమాజు తర్వాత వెళ్లాం. ఆ పాత ఖబరస్తాన్‌లో గోరీలంటే ఇసుక దిబ్బలు, తలదగ్గర ఒక్కో రాయి. పేర్లు లేవు; పేరున్నవాళ్లకూ లేవు. కావలి పఠాను "పదకొండో వరస, ఆరో గోరీ" అని ఉర్దూలో చెప్పాడు. లెక్కకు నేనున్నానని బావ నా వెనకే నడిచాడు. నేను ఎడమ చివర నుంచి మొదలుపెట్టాను. పెట్టెలకైనా అంకెలకైనా నా వేలు ఎడమనుంచే పోతుంది.

బావ సీసాలో నీళ్లు గోరీమీద చల్లాడు. ఫాతిహా చదివాడు. తర్వాత మోకాలిమీద ఆయన వేళ్లు కదిలాయి, సన్నాయి రంధ్రాలు మూసి తెరుస్తున్నట్టు. "నాయనా" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు.

ఆయన కారు దగ్గరికి పోయాక, కావలివాడికి సలాం చెప్పబోయాను. "అంత దూరం ఎందుకు పోయారు? ఊద్ ఉస్తాద్ ఇటు కదా" అని కుడివైపు చూపించాడు. అరబ్బులు రాసేది కుడినుంచి, వరసలూ అంతే. "మీరు కూర్చున్నచోట ఎవరో పరదేశి. పడవలో వచ్చి ఇక్కడే చనిపోయాడట. నేనుండగా ఆయన కోసం ఎవరూ రాలేదు."

బావ హారన్ కొడుతున్నాడు. "ఏమంటాడు ఆయప్ప?"

"మళ్లీ రమ్మంటాడు" అన్నాను.

నిజంగానే ఏటా వచ్చాడు, అదే గోరీ దగ్గరికి. మరుసటి శుక్రవారం నేనొక్కణ్ణే పోయి అసలు గోరీమీద నీళ్లు చల్లేవాణ్ణి. ఎనభైల మధ్యలో ఇద్దరం పని ఖలాస్ చేసుకుని ఊరికి వచ్చేస్తున్నప్పుడు, విమానాశ్రయంలో చెప్పేద్దామనుకున్నాను. "బావా, ఆ గోరీ..." అన్నానో లేదో, "ఆడ కూసుంటే మా నాయన పక్కనున్నట్టే ఉండె అబ్బీ. నువ్వు చూపించకపోతే నేనేమయిపోదునో" అన్నాడు. నేను ఇద్దరి పెట్టెలూ మళ్లీ ఒకసారి లెక్కపెట్టాను.

మొన్న కడపలో ముందు ఎడమనుంచి లెక్కపెట్టాను. పదకొండు. నమ్మకం చాలక కుడినుంచి లెక్కపెట్టాను. అదీ పదకొండే, అదే గోరీ. మొత్తం వరసలు ఇరవై ఒకటి. గోరీ పక్కన కూర్చుని జరిగినదంతా బావకు చెప్పాను. చెప్పడానికి నాకిన్నేళ్లు పట్టింది. వినడానికి ఆయనకిప్పుడు ఏ తొందరా లేదు.