సాలమ్మ ఒంట్లో కరెంటు

శామీర్‌పేట చెరువు కట్ట మీద గాలయ్యను నమ్మించడం కష్టం. ఐసు అమ్మేవాడు తూకం చెబితే మళ్లీ తూయిస్తాడు. ఆకాశంలో మబ్బు కనబడితే, వాన తెచ్చిన మబ్బో ఉత్త చేతులతో వచ్చిన మబ్బో తేలేదాకా కళ్లు చికిలించి చూస్తాడు. నీళ్ల మీద ఒక్క చేప పొట్ట తెల్లగా తేలితే చాలు, తెప్ప ఆపి, దాన్ని అందుకుని, మొప్ప ఎత్తి చూస్తాడు. ఈ అనుమానం అతనికి పుట్టుకతో రాలేదు. మత్స్యకారుల సంఘం అప్పజెప్పింది. చెరువులో ఎవరైనా దొంగచాటుగా కరెంటు పెడుతున్నారేమో కనిపెట్టడం అతని వంతు.

కరెంటు పెట్టడమంటే తీగ లాగి నీళ్లలోకి వదలడం. పెద్ద చేప, పిల్ల చేప అన్న తేడా ఉండదు. కాసేపట్లో చెరువులో ఆ మూలంతా తెల్లబడుతుంది. గాలయ్య బావమరిది మైసయ్య అలాంటి నీళ్లలోకే, ఎవరో వదిలిన తీగ సంగతి తెలియక, మోకాళ్ల లోతు దిగి ప్రాణం వదిలాడు. అతన్ని పట్టుకుని లాగబోయిన మనిషి కూడా విసిరేసినట్టు పడ్డాడు. తమ్ముడికి సద్ది పట్టుకొచ్చిన సాలమ్మ, అంటే గాలయ్య భార్య, ఆ పూట కట్ట మీదే ఉంది. ముట్టుకున్నవాళ్లను కూడా పట్టుకుంటుందని, తడి ఉంటే ఇంకా తొందరగా పాకుతుందని ఆమెకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆ కరెంటు మాటే ఈ ఎండాకాలం వాళ్లింట్లోకి వచ్చింది.

చలికాలంలో సాలమ్మ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారు. గాయం మానాక డాక్టర్లు రేడియేషన్ అన్నారు. ఆ పేరు డాక్టరు గది దాటి రాలేదు. బెంచీల మీది రోగులు, ఆయాలు, గేటు దగ్గర చాయ పోసే మనిషి, అందరూ ఒకే మాట అన్నారు. కరెంటు పెడతారు. ఆదివారాలు తప్ప దాదాపు రోజూ, వానలు మొదలయ్యేదాకా. మధ్యలో మానేస్తే ఇన్నాళ్లు పెట్టింది కూడా దండగని డాక్టరు గాలయ్య కళ్లలోకి చూసి మరీ చెప్పాడు. గాలయ్య ఎవరినీ తొందరగా నమ్మడు గానీ ఆ మాటను నమ్మాడు. సాలమ్మ బతకాలంటే బస్సెక్కాలి. అంతే.

పని కూడా అప్పుడే మీద పడింది. చెరువు తగ్గి చేప చిక్కబడే రోజులు. తెల్లారగట్ల తెప్ప దించాలి, ఎండ ముదరకముందే మేడ్చల్ మార్కెట్లో ఉండాలి. కొడుకు శివ గుండ్లపోచంపల్లి గోదాములో పనికి పోయి చీకటి పడ్డాక వస్తాడు. కూతురు రోజారాణి మొదటి కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. ఒక మూల బాలింతకు పెట్టే కారం దంపుతుంటే ఇంకో మూల మామిడికాయ ముక్కలు ఆరుతున్నాయి. పిల్లను చూడవచ్చేవాళ్లు, చేపకు వచ్చేవాళ్లు ఒకే గడపలో రాసుకుని పోతున్నారు. ఎండ కూడా ఆ ఇంట్లో బాడుగకు దిగినట్టు పొద్దున్నే వచ్చి కూర్చునేది.

ఇంత సందడిలో సాలమ్మ ఇంటి అంచుకు జరిగిపోయింది. మంచం వసారా చివరికి లాక్కుంది. పళ్లెం వేరు పెట్టుకుంది. ఎవరికైనా చెంబు అందించాల్సి వస్తే కింద పెట్టి వెనక్కి తగ్గేది. బతికిన చేపలుంచే టబ్బు వైపు పోవడం మానేసింది. పిల్ల ఏడిస్తే లేచి నిలబడేది, రెండడుగులు వేసేది, చేతులు వెనక్కి కట్టుకుని ఆగిపోయేది. పసిపిల్లకు నీళ్లు పోయడానికి పక్కింటి దుర్గాబాయి వస్తుంటే, ఈమె దూరంగా గోడకు ఆనుకుని ఆ నీళ్లనే చూసేది.

"ఆడపిల్లని మా అమ్మకు మనసుల లేదు నాయినా" అంది రోజారాణి ఒకరోజు.

"నోరు ముయ్యి. నువ్వు పుట్టినప్పుడు వాడకంత చక్కెర పంచింది."

"మరి నా బిడ్డనెందుకు ముడ్తలేదు?"

గాలయ్య దగ్గర ఉన్నదల్లా అనుమానం. తనను బయట కూర్చోబెట్టినప్పుడు డాక్టరు ఆమెకేమైనా చెప్పాడా? రోగం అంటుకుంటుందని చెప్పాడా? రోజుల లెక్క చెప్పాడా? దుర్గాబాయికి తెలుసా, శివకు తెలుసా, తనొక్కడికే తెలియదా? తెప్ప మీద కూర్చుంటే నీళ్ల అడుగున ఏదో కదిలినట్టుండేది. వల వేస్తే ఏమీ వచ్చేది కాదు.

రోజారాణి అత్త వినోద మేడ్చల్ నుంచి పిల్లను చూడవచ్చింది. నవ్వుతూనే సూది గుచ్చే మనిషి.

"ఏం వదినె, మనుమరాలు బరువైందా, బంగారమని దూరంకెల్లి సూస్తున్నవా? తొట్టెల నాడన్న కాళ్ల మీదేస్కొని నీళ్లు వోస్తవా లేదా? అమ్మమ్మ చేతి నీళ్లు పడకుంట పిల్లను మా ఇంటికి ఎట్ల తోల్కపోవాలె?"

"పోస్త వదినె. ఆనాటికి పోస్త" అంది సాలమ్మ.

ఆనాటికి. అంటే పిల్లను తొట్టెలో వేసే పండుగ నాటికి. గాలయ్య ఆ మాటను పట్టుకున్నాడు. ఈరోజు పోయలేనిది ఆనాటికి ఎలా పోస్తుంది? ఈలోపు ఏం మారుతుంది?

మారుతున్నదేమిటో మర్నాడు పొద్దున చాయ గ్లాసు దగ్గర కనిపించింది. కరెంటు ఎక్కడ పెట్టాలో గుర్తుకు ఆసుపత్రిలో సాలమ్మ ఒంటి మీద సిరాతో గీతలు గీశారు. కడగొద్దన్నారు, వెలిస్తే మళ్లీ దిద్దేవారు. ఒక గీత మెడ కింద, ఎముక దగ్గర పైకే కనబడుతుంది. ముదురు వంకాయ రంగులో ఉండాల్సిన ఆ గీత పాత మరక అంచులా పలచబడింది. చెరువు దిగిపోతుంటే రాయి మీద మిగిలిన నీటి చారను చూసి అది ఎన్నాళ్లదో చెప్పగలడు గాలయ్య. ఈ చారనూ అలాగే చదివాడు.

"గీత వోయిందేందే?"

"చెమటకు."

"మల్ల గియ్యలేదా?"

"గీస్తరు తియ్యి" అంటూ కొంగు కప్పుకుంది.

రోజూ పొద్దున సాలమ్మ, దుర్గాబాయి కలిసే బయల్దేరతారు. దుర్గాబాయి యాప్రాల్‌లో ఒక కాలనీ మలుపులో చేపలు అమ్ముతుంది. సాలమ్మ దారిలో విడిపోయి ఆసుపత్రికి పోతుంది. పోతుందని ఇంట్లో అనుకుంటారు. ఆ రోజు గాలయ్య మార్కెట్ నుంచి ఇంటికి పోకుండా టీవీఎస్ బండిని యాప్రాల్ వైపు తిప్పాడు.

దుర్గాబాయి బేసిన్ ముందు కూర్చుని రవ్వ చేప పొలుసు గీకుతోంది. ఆమెకు చాలా దూరంలో, ఎవరిదో ప్రహరీ మీది నుంచి వంగిన కాగితం పూల నీడలో, సాలమ్మ. ఒళ్లో ఆసుపత్రి సంచి. చేతులు రెండూ సంచి కింద.

"గిదేనా ఆసుపత్రి?" అన్నాడు గాలయ్య.

దుర్గాబాయి తల ఎత్తలేదు. "నన్ను కొరుక్క తినకన్నా. పొమ్మన్నకొద్ది నా ఎంబడే దిగుతాంది. నేనేమన్న కండక్టర్నా, టికెట్ సూసి దించనీకె?"

గాలయ్య వెళ్లి సాలమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "డాక్టరేం జెప్పిండు? నా తోనెందుకు దాస్తున్నరు అందరు?"

"డాక్టరేం జెప్పలే."

"మరి?"

సాలమ్మ రాలిన పూలతో చెబుతున్నట్టు అంది. "నా ఒంట్లకు రోజు కరెంటెక్కుతాంది గదయ్యా. నన్ను బల్ల మీద పండవెట్టి అందరు బయటికి ఉరుకుతరు. తలుపు సూస్తే గోడంత లావు. ఏం లేనిది వాళ్లెందుకు ఉరుకుతరు? మైసన్ని ముట్టినోడు ఎట్ల వడ్డడో నువ్వు సూడలేదా? గీ చేతుల్తోని, తడితోని, పసిగుడ్డుకు నీళ్లెట్ల పోయాలె? తొట్టెల దాక పోకుంటె కొంచెమన్న దిగుతదనుకున్న. అటెన్క మల్ల పోత. నీ మీద ఒట్టు."

పిచ్చిదానా అనబోయి గాలయ్య ఆగాడు. అది అబద్ధమని అతనికి మాత్రం ఏం తెలుసు? కరెంటంటే అతనికి తెలిసిందీ ఆ చెరువులోదే. ఆమె మోచేతిని పట్టుకోవడానికి చేయి చాచాడు, ఒక్క క్షణం తటపటాయించాడు, ఆ తటపటాయింపును ఆమె చూసింది. ఆమె చూసిందని తెలిసి సిగ్గుపడి గట్టిగా పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. చెమట మాత్రం తగిలింది.

అటునుంచటే బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు. మిషను దగ్గరి అమ్మాయి ముందు కోప్పడింది, తర్వాత విషయం విని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, గోడ మీద టార్చిలైటు వేసి ఆపేస్తే గోడలో వెలుగు మిగుల్తదా? ఇదీ అంతే. మిషన్ ఆపితే ఒంట్లో ఏం ఉండదు. పిల్లను ఎత్తుకోండి, నీళ్లు పోయండి."

"మరి మీరెందుకు ఉరుకుతరు బిడ్డా?"

"మీకు రోజుకు కొంచెంసేపే. అక్కడే నిలబడితే మాకు పొద్దంతా పడుతది."

సాలమ్మ బుద్ధిగా తలూపింది. గీత దిద్దించుకుంది, బల్ల మీద పడుకుంది. బయటికి వచ్చాక అంది, "మంచి పిల్లనే. కని ఆమెకు కొలువు గదా. గట్లనే అంటది."

ఇంటికి రాగానే గాలయ్య ఆమెను టబ్బు దగ్గరికి పిలిచాడు. అందులో ఒక కొర్రమట్ట, తోక చివర ముక్కపోయినది, నల్లగా నిద్రపోతున్నట్టుంది.

"చెయ్యి వెట్టు."

"సస్తే?"

"సస్తే పులుసు వెడుదు."

ఆమె ముందు వేలు పెట్టింది, ఆ తర్వాత చేయి. చేప ఒక్క విదిలింపు విదిలిస్తే నీళ్లు ఇద్దరి మొహాల మీదా పడ్డాయి. గాలయ్యకు ఆ విదిలింపు చాలింది. సాలమ్మకు మాత్రం అది చాలలేదు.

"ఇయ్యాల బతికింది. రేపు ఇంకింత ఎక్కుతది గదా?"

అలా ఒప్పందం కుదిరింది. రోజూ ఆసుపత్రి నుంచి వచ్చి టబ్బులో చేయి పెడుతుంది. చేప బతికితే మర్నాడు మళ్లీ బస్సెక్కుతుంది. పిల్లను ముట్టుకోవడం మాత్రం తొట్టెల నాడే, అప్పటికి నమ్మకం కుదిరితేనే. గాలయ్యకు ఇప్పుడు చెరువు కన్నా టబ్బు మీదే కాపలా ఎక్కువైంది. నీళ్లు మార్చేవాడు, మేతకు చిన్న చేపలు వేసేవాడు, పిల్లి వైపు దొంగను చూసినట్టు చూసేవాడు. చేప బతికి ఉన్నన్నాళ్లు సాలమ్మ వైద్యం బతికి ఉంటుంది.

తొట్టెలకు ముందురోజు వినోద తన చుట్టాలతో పొద్దున్నే దిగింది. వసారా కడగాలని టబ్బును వాకిట్లోకి నెట్టారు. ఎవరు నెట్టారో ఆ తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు. గాలయ్య మేడ్చల్ నుంచి వచ్చేసరికి టబ్బు నడిఎండలో ఉంది. నీళ్లు చాయ కాచుకునేంత వేడి. తోక తెగిన కొర్రమట్ట పొట్ట పైకి పెట్టి, ఆకాశానికేసి తెల్లగా చూస్తోంది.

సాలమ్మ బస్సు దిగే వేళ అయింది. గాలయ్య చచ్చిన చేపను తడి గోనెలో చుట్టి ఐసుపెట్టె వెనక తోశాడు. టబ్బు నీడకు లాగి, చల్లనీళ్లు పోసి, పొద్దున పట్టిన వాటిలో అంతే పొడుగు కొర్రమట్టను వదిలాడు. దొంగలను పట్టే మనిషి దొంగచేతులు తుడుచుకుని బీడీ ముట్టించాడు.

సాలమ్మ వచ్చింది. మెడ కింద గీత కొత్తగా మెరుస్తోంది. టబ్బు మీదికి వంగిన చేయి నీళ్లకు జానెడు పైన ఆగిపోయింది.

"గిది మన చేప గాదు."

"ఎందుకు గాదు? గదే."

"తోక మొలిపిచ్చినవా దానికి?"

గాలయ్య బీడీ వైపు చూశాడు.

"సచ్చిందా?"

"ఎండకు సచ్చిందే. నీ తోడు, ఎవరో ఎండల వెట్టిండ్రు..."

"నిన్ను అడుగుతలేను. చేప యాడున్నది?"

గోనె విప్పాక సాలమ్మ కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. వినోద ఏదో అనబోతే రోజారాణి చేయి పట్టుకుని ఆపింది. సాలమ్మ మొప్ప ఎత్తింది, పాలిపోయి ఉంది. నమ్మలేదు. వీపు పొడవునా చీల్చింది. కరెంటు తగిలిన చేపకు వెన్నుముల్లు వెంట నెత్తురు గడ్డకట్టి ఉంటుంది. ఆ ఎరుపును మొగుడూ పెళ్లాం ఇద్దరూ చాలాసార్లు చూశారు, చెరువు పంచాయితీల్లో సాక్ష్యంగా చూపించారు కూడా. గాలయ్య కళ్లు ఆమె బొటనవేలి మీదే ఉన్నాయి. ఆ వేలు వెన్నుముల్లు పక్కన నొక్కుతూ తలనుంచి తోకదాకా నడిచింది. మాంసం తెల్లగా ఉంది. చేపను తిప్పి రెండో వైపూ కోసింది. అటూ తెలుపే.

"ఎండకే సచ్చింది" అంది నెమ్మదిగా. "నీకు అబద్ధం చేతగాదు. దీనికి అసలే చేతగాదు."

చింతపండుతో చేతులు రుద్దుకుంది, వాసన పోయేదాకా. ఆ తర్వాత పీట జరుపుకుని, కాళ్లు చాపి, చీర మోకాళ్ల దాకా మడిచింది.

"రోజా, పిల్లను తే. మా వదినె రేపటిదాక ఆగేటట్టు లేదు."

పిల్ల ఆ కాళ్ల మధ్య ఒదిగిపోయింది, ఆ చోటు తనకోసమే వెచ్చగా ఉంచినట్టు. సాలమ్మ గోరువెచ్చని నీళ్ల బిందెలో చెంబు ముంచబోతూ ఆగింది. గాలయ్య అప్పటికే అందులో రెండు వేళ్లు పెట్టి ఉన్నాడు.

"ఏందయ్యా, నీకింక అనుమానమేనా?"

"ఎహె, వేడి సూస్తున్న."

సాలమ్మ నమ్మలేదు. అతని చేయి పక్కకు నెట్టి చెంబు ముంచింది.