పాట పెడితే జారిన నామం

ముందే చెప్పేస్తున్నాను, నేను చదివింది ఐదో తరగతి దాకానే. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఎప్పుడూ తారుమారే. చెక్క మీద గీత గీయమంటే భయం లేదు గానీ కాగితం చూస్తే చెమట పడుతుంది. రాత బాగా లేకపోతే ఏమీ అనుకోవద్దు.

మాది తిరుపతి. తలుపులకూ ద్వారబంధాలకూ నగిషీ చెక్కడం నా పని. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మోపెడ్ మీద నుంచి పడి కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంటే ఎముక బాగానే అతుక్కుంది. కానీ పడినప్పుడే నరం దెబ్బతిన్నదట, బొటనవేలికి పట్టు రాలేదు. ఈ రాత కూడా ఎడమచేత్తోనే రాస్తున్నాను. కుడిచేత్తో ఉలి పట్టుకుంటే జారిపోయేది. తెలిసినాయన ఒకరు రైసుమిల్లులో వాచ్‌మన్ పని ఉందని చెప్పాడు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

నా భార్య తమ్ముడికి టీవీలు బాగుచేసే అంగడి ఉండేది. వాడొక సాయంత్రం వచ్చి నా చెయ్యి చూసి, "నీ సెయ్యి పన్జేయకుంటే ఏమి బావా, మోటారు సేత సెక్కిద్దాం" అన్నాడు.

"టీవీల ముందర కూసోని కూసోని నీకు మెదడు సెడిండాది" అంది నా భార్య.

వాడు వినలేదు. పాత జిరాక్సు మిషన్లలోంచి మూడు మోటార్లు పీకాడు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, ఒకటి పైకీ కిందికీ. ఇవి మామూలు మోటార్లలాగా గిర్రున తిరగవు. ఒక్క దెబ్బ కొడితే ఒక్క అడుగు జరుగుతాయి. దెబ్బ అంటే వైరులో వచ్చే కరెంటు దెబ్బ. ఆ దెబ్బలు కొట్టేది కంప్యూటరు. వెనక లావుగా ఉండే పాత కంప్యూటరు ఒకటి తెచ్చి మా ఇంటి పంచలో పెట్టాడు. బొమ్మ గీసిస్తే అదే లెక్క చూసుకుని దెబ్బలు కొడుతుంది, మోటార్లు జరుగుతాయి, కట్టరు చెక్కను తొలుస్తుంది. వేపచెక్క మీద పెట్టి చూస్తే తామరపువ్వు చక్కగా వచ్చింది. ఇంట్లో మళ్లీ చెక్కపొట్టు వాసన వచ్చిందని నా భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడే చంద్రగిరి దగ్గర రైతు ఒకాయన, నా పాత గిరాకీ, కొత్తింటి ద్వారబంధం పైచెక్క తెచ్చాడు. మంచి టేకు. శంఖుచక్రాలూ మధ్యలో నామమూ చెక్కాలి. ఇది కుదిరితే నేను చెక్కేవాణ్ణి, కుదరకపోతే వాచ్‌మన్‌ని అని మనసులో అనుకున్నాను.

మొదటి అసలు పని కదా, పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాం. "సామి పాట పెట్రా" అంది నా భార్య. వాడు ఆ కంప్యూటరులోనే పాట పెట్టి మిషను కదిలించాడు. శంఖం, చక్రం బాగానే వచ్చాయి. నామానికి వచ్చేసరికి కుడి కొమ్ము పక్కకు జరిగి మధ్యగీత మీద ఎక్కి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే రైతు వచ్చాడు. చెక్క మీదికి వంగి చూశాడు.

"సామి నామం సెక్కమంటే నాకే నామం పెట్నావు గదప్పా!"

నవ్వుతూనే అన్నాడు, కానీ నేను తలెత్తలేకపోయాను. లోతుగా దిగలేదు కాబట్టి చిత్రిక పట్టి తీసేయొచ్చు. అదీ ఒక్కసారే. రెండోసారి తీస్తే చెక్క పలచనైపోతుంది.

గడియ మంచిది కాదేమో అనుకుని మర్నాడు వేపచెక్క పెట్టి, మళ్లీ టెంకాయ కొట్టి, పాట పెట్టాం. మళ్లీ జారింది.

"దిష్టి తగిలిండాది" అంది నా భార్య.

నేను మిషను పక్కన పీట మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. మా నాయన నాకు పని నేర్పేటప్పుడు ముందు వినమనేవాడు. ఉలి మీద సుత్తి పడే తాళం తప్పితే నగిషీ విరుగుతుందని. పనిలో ఉండగా ఎవరు పిలిచినా ఆయన పలికేవాడు కాదు. ఆ చెవి నాకు మిగిలే ఉంది. మోటారు గుయ్యిమని ఒకే తీరుగా పోతూ, మధ్యలో గొంతు పట్టినట్టు తొట్రుపడింది. కాసేపటికి మళ్లీ. పాట అయిపోతే ఆ తొట్రుపాటు కూడా పోయింది. ఇంకో పాట మొదలవగానే వచ్చింది.

"పాట ఆపురా" అన్నాను.

"పాటేం సేసింది బావా?"

"ఆపి సూడు."

ఆపి మళ్లీ మొదట్నుంచి చెక్కించాడు. నామం నిట్టనిలువుగా వచ్చింది. వాడు నెత్తి కొట్టుకున్నాడు. "పాట పాడేదీ అదే, దెబ్బ కొట్టేదీ అదే. పాటకాడికి పోయొచ్చే లోపల దెబ్బ ఆలస్యమైతాండాది, మోటారు అడుగు తప్పుతాండాది."

"కంప్యూటరు గూడా మొగోడే" అంది నా భార్య. "ఒక పని సెప్తే ఇంకో పనికాడికి పోతాది. నా టేపురికార్డరు ఉండాది గదరా, దాంట్లో పెట్టుకుందాం."

"పాటొక్కటే కాదక్కా. మౌసు కదిపినా, ఇంకో బొమ్మ తెరిసినా అట్లే సేస్తాది."

నా దగ్గర ఉన్నది ఒక్క చెక్క. దాన్ని ఈ కంప్యూటరును నమ్మి వదల్లేనని చెప్పాను.

వాడు రైలెక్కి మద్రాసు పోయి ఒక చిప్పు తెచ్చి, అరచేయంత బోర్డు తయారు చేశాడు. ఇక కంప్యూటరు దెబ్బలు కొట్టదు. ఇన్ని దెబ్బలు, ఇంత జోరుగా అని బోర్డుకు ముందుగానే చీటీలు పంపుతుంది. బోర్డు వాటిని వరసగా పెట్టుకుని కొడుతుంది. దానికి ఇంకో పని తెలియదు. ఏదన్నా మార్చాలంటే మాత్రం చిప్పు పీకి అందులోని ప్రోగ్రాము మళ్లీ రాయాలి, కంప్యూటరులోనైతే రెండు నిమిషాల పని కదా అని వాడు చాన్నాళ్లు గొణిగాడు.

టేకు చెక్క చిత్రిక పట్టి మిషను కింద పెట్టాం. నా భార్య పంతంగా పాట కూడా ఆ కంప్యూటరులోనే పెట్టించింది. నేను ఆపే స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని వింటూ కూర్చున్నాను. శంఖం, చక్రం, నామం. మోటారుకు ఒక్కసారి కూడా గొంతు పట్టలేదు.

రైతు వచ్చి నామాన్ని వేలితో తడిమాడు.

"ఇది నా సేతి పని కాదన్నా, మిషను సెక్కింది" అన్నాను. దాచబుద్ధి కాలేదు.

"మిషనుకు ఎవురు సెప్పినారు?"

"మేమే."

"అయితే మీ పనే గదప్పా. ఎత్తండి, బండికాడికి పట్టండి."

రైసుమిల్లుకు నేను పోలేదు. ఆ పీట మీదే చాలా ఏళ్లు కూర్చున్నాను. ఇప్పటి మిషన్లు కొనేటప్పుడే బోర్డుతో వస్తాయి, శబ్దం కూడా పెద్దగా చేయవు. నాకు మాత్రం ఆ గుయ్యిమనే మోత, పంచ నిండా పొట్టు, మా ముగ్గురి రచ్చ అప్పుడప్పుడూ గుర్తొస్తాయి.

చిప్పుల సంగతి తప్పు చెప్పి ఉంటే తెలిసినవాళ్లు, మాటలు తప్పు రాసి ఉంటే చదువుకున్నవాళ్లు, మీవాడే అనుకుని నన్ను మన్నించండి.