మలుపు దగ్గర తెగిన ఫ్యూజు

2024 వానాకాలం. నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక వీధిలో నాది మోటార్లు, బ్యాటరీల దుకాణం. తాత ఉప్పు అమ్మాడు, నాన్న బట్టలు అమ్మాడు. మా ఇంట్లో పిల్లలకు మాటలతో పాటే బేరం కూడా వస్తుంది. అట్లాంటి నన్ను తెలకపల్లి వైపు నుంచి వచ్చే సువర్ణక్క ప్రతిసారీ బేరంలో ఓడించి పోయేది.

ఆ రోజు ఆమె ట్రాలీ ఆటోలోంచి ఒక వింత బండిని దింపించింది. చక్రాలకు బదులు బుల్డోజరుకు ఉన్నట్టు రెండు పట్టాలు, పాత కన్వేయర్ బెల్టు కోసి చేసినవి. వాటిని తిప్పడానికి పాత జీపుల వైపర్ మోటార్లు రెండు. పైన పురుగుమందు ట్యాంకు. ఆమె, ఆమె భర్త బాలయ్య, ఊళ్లో వెల్డరు కలిసి చేశారట.

పత్తికి మందు కొట్టీ కొట్టీ బాలయ్యకు ఆయాసం పట్టుకుంది. ఇక ట్యాంకు వీపుకెత్తవద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. చేన్లో చూస్తే ఆకుల రసం పీల్చే పచ్చదోమ. బండి నడవకపోతే తానే కొడతానని ఆయన పట్టు.

ఆమెకు కావలసింది మోటార్ కంట్రోలర్. రిమోట్ చెప్పినట్టు బ్యాటరీ కరెంటును మోటార్లకు పంచి, ముందుకూ వెనక్కూ నడిపే చిన్న డబ్బా. అది ఎన్ని ఆంపియర్ల కరెంటు మోయగలదో చూసి ఎంచుకోవాలి.

మా వీధిలో ఏది అమ్మినా కొనేవాళ్ల కళ్ల ముందే నడిపి చూపాలి. బండిని స్టూలు మీదికెత్తి, పట్టాలు గాలిలో తిరుగుతుంటే వైరుకు కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించాను. ఒక్కో మోటారు మూడు ఆంపియర్లు. సువర్ణక్క అంకె చదివేసింది.

"మూడే గద సేటు. పది ఆంపియర్లది ఇయ్యి, సాలు."

ముప్పై ఆంపియర్లది తీసుకోమన్నాను. గాలిలో తిరగడం వేరు, బురదలో బరువు మోస్తూ తిరగడం వేరని చెప్పాను. ఆమె నవ్వింది. పెద్దది ఖరీదైనది, ఖరీదైనది అంటగట్టడంలో నాకు మంచి పేరుంది. నిజం చెప్పినా అమ్ముడుపోని స్థితికి నన్ను నేనే తెచ్చుకున్నాను.

"పోయినేడు పంపు మోటర్ కాడ మీటర్ చెప్తె దేవుడు చెప్పినట్టే అంటివి. ఇయ్యాల నీ మీటర్‌ను నువ్వే నమ్మవా?"

అన్నాను మరి. చివరికి పందెం వేసుకున్నాం. చిన్నదే పెట్టి, ఒక్కో మోటారుకు పది ఆంపియర్ల ఫ్యూజు బిగిస్తాను. కరెంటు మీరితే ఫ్యూజు తెగి డబ్బాను కాపాడుతుంది. తెగకపోతే డబ్బా సగం ధరకే. తెగితే పెద్దది నేను చెప్పిన ధరకు. పరీక్ష మాత్రం వాళ్ల చేన్లోనే జరగాలంది.

మర్నాడు పొద్దున బాలయ్య మూతికి తువ్వాల కట్టుకుని, రిమోట్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ట్యాంకు నిండా నీళ్లు. బండి పత్తి సాలు వెంట తిన్నగా, పెళ్లికొడుకులా సాగిపోయింది. సువర్ణక్క నా వైపు చూడనైనా లేదు. నిజం చెప్పి నష్టపోయిన మొదటివాణ్ని మా వంశంలో నేనే అనుకున్నాను.

సాలు చివర బాలయ్య బండిని మళ్లించాడు. పట్టాల బండికి స్టీరింగు ఉండదు. ఒక పట్టా ముందుకు, ఒకటి వెనక్కు తిరిగితేనే అది మళ్లుతుంది. అప్పుడు రెండూ తడి నల్లరేగడిని అడ్డంగా గీకాలి. వైరుకు తగిలించి ఉంచిన మీటరు పాతిక దాటింది. బండి సగం తిరిగి ఆగిపోయింది.

బాలయ్య రిమోట్ కింద పెట్టి, గట్టు మీదున్న పాత వీపు ట్యాంకు వైపు నడిచాడు. "ఇగ నేనే కొడ్త."

సువర్ణక్క అడ్డంగా నిలబడింది. "కూసో. ఆగింది బండి గాదు, ఫ్యూజు." తర్వాత నన్ను అడిగింది: "పెద్దది తెచ్చినవా సేటు?"

"తేకుంట వస్తనా అక్కా?"

"ఊరు దాంక మోసుకొచ్చినవంటే అమ్ముకోనీకే గద. ఇంక జర తగ్గియ్యి."

పెద్ద డబ్బా, పెద్ద ఫ్యూజు బిగించాను. ఈసారి బండి నింపాదిగా వెనక్కి మళ్లి పక్క సాలు పట్టింది. బాలయ్య గాలి వచ్చే వైపు గట్టు మీద కూర్చుని, మళ్లించడం కోసమే మళ్లిస్తున్నట్టు నాలుగు సాళ్లు ఆడుకున్నాడు. పందెం ప్రకారం ధర నేనే చెప్పాలి. సువర్ణక్క నా మొహమే చూస్తూ నిలబడింది. నా నోట వచ్చిన తక్కువ అంకె విని నాకే ఆశ్చర్యమేసింది.

ఇప్పుడు ఎవరైనా కంట్రోలర్ అడిగితే, బండి ఎక్కడ మళ్లుతుందని ముందు అడుగుతాను. తిన్నగా పోయేటప్పుడు ఏ డబ్బా అయినా మంచిదే. స్టూలు మీద ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. పరీక్షకు దుకాణం ముందు ఒక బండెడు నల్లమట్టి పోయించి తడిపి ఉంచాను. ఇల్లు కడుతున్నావా అని వీధంతా అడుగుతోంది.